పడికట్టు కదిలింది

కృత్తిక కార్తె, ఆరో రోజు

డబ్బా పడవ పొద్దున్నే వచ్చి గంట కొట్టింది. దాన్ని నడిపే మనిషి ఉండడు. సముద్రం మీది పదకొండు మంచెల చుట్టూ తనంతట తనే తిరిగి, మంచెకొకటి చొప్పున నీలం మందు పోసిన చిన్న గొట్టాల్లో నెత్తురు చుక్కలు మోసుకొచ్చి, పన్నెండోదైన నా ల్యాబు మంచె కింద ఆగుతుంది. కొక్కెంతో పైకి లాక్కోవడం, గొట్టాలు వరసన పేర్చుకోవడం, పడవ అడుగున పట్టిన నాచు గీకడం నా పని. గీకుతూ దాన్ని నాలుగు తిట్టాను. తిట్టడానికి కూడా ఇక్కడ అదే దిక్కు.

తర్వాత మంచినీళ్ళ మర వడపోత కడిగాను. ఆ మర రోజుకి ఒక్క మనిషికి సరిపడా నీళ్ళే ఇస్తుంది. మంచెకి ఒకరినే పెట్టడానికి అదే కారణమని ఒడ్డువాళ్ళు చెబుతారు. రెండో మర పెడితే ఇద్దరు ఉండొచ్చు కదా అని ఎవరూ అడగ్గా నేను వినలేదు. నేనూ అడగలేదు.

మధ్యాహ్నానికి యంత్రం మంచెకొకటి చొప్పున జబ్బు అంకెలు ఇచ్చింది. మూడు దాటితే మనిషిని ఒడ్డుకి పంపించాలి. అందరివీ రెండు లోపే ఉన్నాయి. నాలుగో మంచె ఏసుపాదానిది ఒకటిన్నర.

పొద్దు వాలాక అటూ ఇటూ మాట్లాడుకునే రేడియో పెట్టుకుని అన్నానికి కూర్చున్నాను. ఏసుపాదం అవతల తన మంచె మీద కూర్చుంటాడు. ఐదేళ్ళుగా ఇదే మా పంక్తి. ఒకరి మొహం ఒకరం చూడలేదు. నాచు మళ్ళు కోసి, ఎండబెట్టి, మోపులు కట్టడం అతని పని. ఇక్కడి నుంచి చూస్తే అతని మంచె నీళ్ళ మీద ఆవగింజంత ఉంటుంది.

"ఏం వండేరండీ వరాలమ్మ గారూ?" అన్నాడు, రోజూ అడిగినట్టే.

"గంజీ, మాగాయీ."

"నేను ఎండు రొయ్యల పొడి సేసేనండి. మీకు కూసింత పెడదావంటే మజ్జిలో ఈ సముద్రవొకటి అడ్డవండి."

రొయ్యల పొడి గురించి ఐదేళ్ళుగా వింటున్నాను. ఇంకాసేపు గొప్పలు చెప్పుకున్నాక, ఏదో గుర్తొచ్చినవాడిలా, "నిచ్చెనెక్కుతుంటే ఆయాసవొత్తందండి" అన్నాడు.

"మీ అంకె ఒకటిన్నర. భేషుగ్గా ఉన్నారు."

"అయితే వయసేలెండి" అని నవ్వేశాడు. తన ఊపిరి కన్నా నా అంకె మీదే అతనికి నమ్మకం ఎక్కువ.

కృత్తిక కార్తె, పదమూడో రోజు

ఏసుపాదం అంకె మళ్ళీ ఒకటిన్నరే. రేడియోలో మాత్రం రెండు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆగిన సంగతి నాకు తెలియకూడదని మధ్యలో చెంబు చప్పుడు చేస్తున్నాడు. ఐదేళ్ళు గొంతు ఒక్కటే విన్న మనిషికి ఆ మాత్రం తెలియదా?

ఎండిన నాచు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బుని నాచు దగ్గు అంటాం. దగ్గు పైకి రాకముందే నెత్తురులో ఒక జన్యువు గోల మొదలెడుతుంది. ఆ దశలో పట్టుకుంటే ఒడ్డున వైద్యం ఉంది. దగ్గు మొదలయ్యాక తీసుకెళ్ళినవాళ్ళు ఎవరూ మళ్ళీ నాచు కోయలేదు, చాలామంది బతకలేదు. మృగశిరకి ముందు పెద్ద పడవ ఒకసారి వస్తుంది. తర్వాత గాలులు. మళ్ళీ స్వాతి దాకా పడవ రాదు.

అందుకని ఇవాళ అంకె పక్కన పెట్టి దాని లోపల ఏముందో చూశాను. నా తర్వాత ఈ మంచెక్కేవాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాను.

కొందరు పెద్ద చుక్క ఇస్తారు, కొందరు పిసినారి చుక్క ఇస్తారు. దగ్గు జన్యువు ఎంత పలుకుతోందో ఉత్తినే లెక్కపెడితే, పెద్ద చుక్క ఇచ్చినవాడే పెద్ద రోగి అయిపోతాడు. అందుకే త్రాసులో రాయి వేసినట్టు, రెండో పక్క ఇంకో జన్యువుని పెడతాం. ఎవరిలోనైనా ఎప్పుడైనా ఒకే తీరున పనిచేసేదై ఉండాలి అది. దాన్ని మేం పడికట్టు అంటాం. మా పడికట్టు కణంలో చక్కెర కాల్చే జన్యువు. బతికున్న ప్రతి కణమూ చక్కెర కాల్చాల్సిందే కాబట్టి అది కదలదని అందరి నమ్మకం. దగ్గు జన్యువుని పడికట్టుతో పోలిస్తే వచ్చేదే అంకె.

యంత్రం చుట్టు చుట్టుకీ నెత్తురులోంచి తీసిన జన్యు సరుకుని రెట్టింపు చేసుకుంటూ పోతుంది. మొదట్లో సరుకు ఎక్కువుంటే వెలుగు తొందరగా కనబడుతుంది. ఒడ్డున శిక్షణ రోజుల్లో తీసి మంచుపెట్టెలో దాచిన నెత్తురు ఒక గొట్టం నా దగ్గరుంది. యంత్రం సరిగ్గా ఉందో లేదో దాంతోనే చూసుకుంటాను. అందులో పడికట్టు ఎప్పుడూ ఇరవై రెండో చుట్టుకి వెలుగుతుంది. ఏసుపాదానిది ఇరవయ్యో చుట్టుకే వెలుగుతోంది. ఇన్నాళ్ళూ పెద్ద చుక్క ఇస్తాడనుకున్నాను. చేతికి ఎముక లేని మనిషని మెచ్చుకున్నాను కూడా.

ఇవాళ అటక మీంచి సరుకు కొలిచే దీపం పెట్టె దించి, దుమ్ము దులిపి, అతని సరుకునీ ఒడ్డు గొట్టం సరుకునీ సరిసమానంగా కొలిచి వేశాను. పడికట్టు ఉండగా ఈ కొలత దేనికని పదేళ్ళ కిందటే అన్ని చోట్లా మానేశారు. సమానంగా వేసినా ఏసుపాదం పడికట్టు ఇరవైకే వెలిగింది. మూడు గిన్నెల్లో వేశాను, మూడింటిలోనూ అంతే.

రెండు చుట్లు ముందంటే నాలుగింతలు. పడికట్టే నాలుగింతలు పెరిగి కూర్చుంటే, దగ్గు జన్యువు నాలుగింతలు పెరిగినా అంకెలో తేడా రాదు. అతని అసలు అంకె ఆరు కావచ్చు. ఒక గొట్టం జారవిడుచుకున్నాను.

రోహిణి కార్తె, మూడో రోజు

పడికట్టుని మొదట ఎంచినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. ఎండలో నిలబెట్టి చూశారు, ఉపవాసం పెట్టి చూశారు, నిద్ర చెడగొట్టి చూశారు. చక్కెర జన్యువు కదల్లేదు. కానీ ఆ చూసినదంతా ఒడ్డున శిక్షణశాలలో, నలభై మంది ఒకే హాల్లో పడుకుని ఒకే పంక్తిలో తినే రోజుల్లో. అక్కడ ఒంటరిగా ఉండాలంటే స్నానాలగదికి పోయి గడియ పెట్టుకోవాలి. ఒక్క మనిషిని సముద్రం మీద ఏళ్ళ తరబడి వదిలేస్తే ఏమవుతుందో చూడాలని వాళ్ళకి తట్టలేదు. నేనూ ఆ హాల్లోనే చదువుకున్నాను, నాకూ తట్టలేదు.

సొరుగులో ఇంకో ఆరు జన్యువుల మందులు పొడిగా ఉన్నాయి. పన్నెండు మంచెల నెత్తురులోనూ, ఒడ్డు గొట్టంలోనూ ఆరింటినీ వేసి చూశాను. రెండు రోజులు పట్టింది. మూడు జన్యువులు తలోదారి పట్టాయి. ఒకటి చక్కెర జన్యువు వెంటే పోయింది. చివరికి రెండు మిగిలాయి, ఏ మనిషిలో చూసినా వాటి మధ్య దూరం మారలేదు. ఒకటి కణంలో చెత్త ఎత్తేది, రెండోది పోగులు కత్తిరించి అతికేది. వాటి పనులకి చుట్టరికం లేదు. చుట్టరికం ఉంటే రెండూ కలిసి జరిగి కూడా కదలనట్టే కనిపిస్తాయి. అందుకే ఒక్కదాన్ని నమ్మకూడదు, ఒకే ఇంటివాళ్ళనీ నమ్మకూడదు.

ఈ రెండింటినీ రాళ్ళుగా వేసి లెక్క కడితే ఏసుపాదం అంకె దాదాపు ఆరు. మూడు దాటింది అతనొక్కడే.

పాత పడికట్టు సంగతి ఇంకోటి కూడా ఉంది. కొత్తగా వచ్చిన పదో మంచె ఆయనది కొంచెమే ముందుకి జరిగింది. మంచె మీద గడిపిన ఏళ్ళు పెరిగినకొద్దీ ఎక్కువ జరిగింది. పన్నెండు మందిలోనూ అన్నిటికన్నా ముందు వెలిగింది నాదే, పందొమ్మిదిన్నరకి. కొత్త రాళ్ళతో కట్టినా నా దగ్గు అంకె ఒకటి దాటలేదు. నాకు జబ్బు లేదు. నాకున్నది ఒంటరితనం, అంతే.

రోజూ రేడియో పెట్టుకుని కలిసి తింటున్నాం అనుకున్నాను. ఆ భోజనాలేవీ నెత్తురు లెక్కలోకి రాలేదు. దీనికి ఎందుకో చాలా ఏడుపొచ్చింది.

రోహిణి కార్తె, నాలుగో రోజు

ఒడ్డు లైను రోజుకి ఒకసారే కలుస్తుంది. డాక్టర్ సోమసుందరం గారు "అంకెలు చెప్పండి" అంటారు, నేను చెబుతాను, "సరే" అని పెట్టేస్తారు. బాగున్నారా అని నేను గానీ ఆయన గానీ అడిగిన గుర్తు లేదు. ఇవాళ అంకెల బదులు ఇదంతా చెప్పాను. అడ్డు రాకుండా విన్నారు.

"పదకొండేళ్ళ అంకెలు ఆ పడికట్టు మీద నిలబడి ఉన్నాయి, వరాలమ్మా. ఇవాళ రాయి మారిస్తే అవన్నీ ఏమవుతాయి?"

"తప్పవుతాయండీ."

"అంత తేలిగ్గా అంటున్నారు." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పడవలో ఆక్సిజన్ మంచం ఒకటే. అంకె లేకుండా ఒకరిని ఎక్కిస్తే రేపు పన్నెండు మందికీ ఆయాసమొస్తుంది. సరే, మీ లెక్క చూద్దాం. ఒడ్డు గొట్టం ఎప్పటిది?"

"పదేళ్ళ కిందటిది."

"అందులో సరుకు చెడి ఉంటే? మీ మంచెల్లో పడికట్టు పెరగలేదు, గొట్టంలోనే తగ్గింది అంటాను. కాదని ఎలా చెబుతారు?"

ఆయన అడిగింది న్యాయమే, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"మనుషుల మధ్య బతుకుతున్నవాళ్ళ తాజా నెత్తురు మీ యంత్రంలోనే వేసి చూపించండి. పడవ బయల్దేరేలోగా అయితేనే" అన్నారు.

"నడిసముద్రంలో నలుగురున్న ఇల్లు ఎక్కడ వెతకనండీ?"

లైను టైము అయిపోయింది.

సాయంత్రం ఏసుపాదానికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి చెంబు చప్పుడు కూడా చేయలేదు.

"నేను ఎల్లిపోతే మీతో ఎవరు మాటాడతారండి?" అన్నాడు చివరికి.

"ముందు మీ ఊపిరి సంగతి చూడండి" అని కసిరాను. రేడియో కట్టేశాక, ఆ నలుగురున్న ఇల్లు దొరక్కపోతే బావుండునని ఒక్క క్షణం అనిపించింది. దొరక్కపోతే అతను ఉండిపోతాడు. ఉండిపోతే చచ్చిపోతాడు. అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

రోహిణి కార్తె, ఎనిమిదో రోజు

పొద్దున్నుంచీ దూరదర్శిని పట్టుకుని కూర్చున్నాను. నూకాలమ్మ పడవ రోహిణిలో ఒకసారి ఇటు వస్తుంది. కాపురమంతా పడవ మీదే: మొగుడు, అత్త, ముగ్గురు ఆడపిల్లలు. చేపలు ఎండబెట్టి ఒడ్డున అమ్మి, దుంపలూ కూరలూ తెచ్చి మంచెలకి ఇచ్చి పోతారు. ఎప్పుడూ తాడుకి బుట్ట కట్టి దించి బేరం ముగించేదాన్ని. ఇవాళ నిచ్చెన దింపాను.

"నెత్తురా? మా నెత్తురుతో నువ్వేటి సేత్తావమ్మా?" అంది నూకాలమ్మ, బుట్ట చంకనెట్టుకుని పైకొస్తూ.

ఒక మనిషి ప్రాణం దీని మీద ఉందని, నలుగురితో కలిసి బతికేవాళ్ళ నెత్తురు కావాలని చెప్పాను. ఆమె కాసేపు నన్ను ఎగాదిగా చూసింది.

"కలిసి బతకడవేటి, కొట్టుకు సత్తన్నాం. ముందు మా ఆయన్ది తియ్యి. ఆడికి నెత్తురెక్కువైపోనాది." కిందికి వంగి కేకేసింది. "ఒసే పిల్లలూ, మీ నానమ్మని కూడా ఎక్కించండే."

ఆ ముసలామె వేలు చాపుతూ, కోడలితో మాట్లాడి నెల దాటిందని నా చెవిలో చెప్పింది. మాటల్లేకుండా బతికితే ఆమె కూడా మా జట్టే కదా అని భయపడ్డాను. ఆరుగురివీ ఆరు చుక్కలు తీసుకున్నాను. బదులుగా ఇవాళ్టి నా నీళ్ళ కూజా ఇచ్చాను. నూకాలమ్మ సగం తాగి సగం నాకే మిగిల్చి, చేమదుంపలు ఒక గంపెడు కుమ్మరించింది.

"ఇంత మందిలో నీకు ఊపిరాడతాదా నూకాలమ్మా?" అని అడిగాను.

"ఆడదు" అంది. "నీకాడతందేటి?"

అందరివీ ఇరవై రెండో చుట్టుకి కాస్త అటూ ఇటుగా వెలిగాయి, ఒడ్డు గొట్టం లాగే. ముసలామెదీ అంతే. మాట్లాడుకోకపోయినా ఆ పడవలో అత్తా కోడలూ ఒకే చాప మీద పడుకుంటారట. కొత్త రాళ్ళు రెండూ వాళ్ళలోనూ మాలోనూ ఒక్కలాగే నిలబడ్డాయి.

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు

డాక్టర్ గారు అంకెలన్నీ రెండుసార్లు చెప్పించుకున్నారు. ముసలామె సంగతి చెప్పినప్పుడు ఆయన నవ్వినట్టు అనిపించింది, లైనులో గరగర కూడా కావచ్చు.

"నాలుగో మంచె మనిషిని సిద్ధంగా ఉండమనండి" అన్నారు. "పాత అంకెల సంగతి నేను పైవాళ్ళతో పడతాను."

ఏసుపాదానికి చెబితే, సరేనండి అన్నాడు. రాత్రి భోజనం దగ్గర ఇద్దరం ఏం వండుకున్నామో చెప్పుకున్నాం. అంతకు మించి ఏమీ లేదు. మాటలు దాచుకుంటున్నామో, అయిపోయాయో తెలియలేదు.

రోహిణి కార్తె, పన్నెండో రోజు

పెద్ద పడవ నిన్న అతన్ని ఎక్కించుకుని, ఇవాళ నాకు సరుకులు దింపడానికి ఇక్కడ ఆగింది. ఏసుపాదం ముక్కుకి గొట్టం పెట్టుకుని మంచె నిచ్చెన కింద పడవ అంచు మీద కూర్చుని ఉన్నాడు. గొంతుని బట్టి భారీ మనిషిని ఊహించుకున్నాను. బక్కపలచగా, పెద్ద చెవులతో ఉన్నాడు. నేను కిందికి దిగాను.

"మీరు ఇంత పొట్టోరాండీ?" అన్నాడు.

"మీరు మాత్రం ఏనుగంత ఉన్నారా?"

ఎదురుగా కూర్చుంటే మాట్లాడేటప్పుడు ఎక్కడ చూడాలో ఇద్దరికీ తెలియలేదు. అతను సంచిలోంచి డబ్బా తీశాడు. రొయ్యల పొడి. పడవవాళ్ళ దగ్గర అన్నం అడిగి తెచ్చి, ఒకే పళ్ళెంలో కలిపి, చెరో పక్కా కూర్చుని తిన్నాం. ఐదేళ్ళు ఊరించిన పొడి ఉప్పు కషాయం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎలాగుందండి?"

"ఉప్పెక్కువైంది."

"మీరలాగే అంటారని తెలుసండి" అని నవ్వబోయి, ఆయాసంతో ఆగిపోయాడు. ఇప్పుడు ఆగడం దాచడానికి చెంబు లేదు. అతని వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి కుదుటపడేదాకా అలాగే ఉంచాను.

సరంగు తొందరపెట్టాడు. అంతా కలిపి పది నిమిషాలు ఉంటుందేమో. లేస్తుంటే ఏసుపాదం అలవాటు కొద్దీ వేలు చాపాడు. ఈ వారం చుక్క ఇంకా ఇవ్వలేదని గుర్తొచ్చింది కాబోలు. సూది తెచ్చి గుచ్చాను. అతని వేలి చర్మం నాచు కోసి కోసి మొద్దుబారి ఉంది, రెండోసారి గుచ్చితే గానీ నెత్తురు రాలేదు. పడవ నాలుగో మంచె దాటి, ఇంక కనబడకుండా పోయేదాకా నిచ్చెన మీదే ఉన్నాను.

పైకొచ్చాక, పొద్దు వాలేలోపు నా చుక్క కూడా తీసి పెట్టాను. ఎందుకో తెలియదు, తీశాను.

మృగశిర కార్తె, రెండో రోజు

గాలి మొదలైంది. ఇవాళ్టికి డబ్బా పడవని పైకి లాగి కట్టేశాను. రేడియో మూడుసార్లు పెట్టి మూడుసార్లు కట్టేశాను. నాలుగో మంచె మీద ఎవరూ లేరు కదా.

ఒడ్డు లైను కలిసింది. ఏసుపాదానికి వైద్యం మొదలైందని, ఊపిరితిత్తులు ఇంకా మెత్తగానే ఉన్నాయని, నాలుగు నెలల్లో నిలబడతాడని డాక్టర్ గారు చెప్పారు. మళ్ళీ నాచు దుమ్ములోకి మాత్రం పంపరట. మంచి మాట విన్నాను.

"అంకెలు చెప్పండి" అన్నారు.

చెప్పాను. తర్వాత, ఎవరూ అడగనిది కూడా చెప్పాను. పడవ మీద పదిమంది నావికుల మధ్య ఒక్క రాత్రి గడిపినందుకే ఏసుపాదం పాత పడికట్టు ఒక చుట్టు వెనక్కి, ఇరవై ఒకటికి వచ్చింది. ఆ సాయంత్రం తీసిన నా చుక్కలో అర చుట్టు వెనక్కి వచ్చింది. యంత్రం తప్పేమోనని మూడేసి గిన్నెల్లో రెండు రోజులు వేశాను. నిన్నటి నా చుక్కలో మళ్ళీ పందొమ్మిదిన్నర. పాత పడికట్టుని పారేయొద్దని, రాయిగా పనికిరాకపోయినా దాన్నే తూచాలని, ప్రతి మంచెకీ ప్రతి వారం అది కూడా కొలుస్తానని చెప్పాను.

"కొలిచి?" అన్నారు. "కొలిస్తే దానికి మందేమిటని పైవాళ్ళు అడుగుతారు. ఎంత ఇవ్వాలని అడుగుతారు."

"మందు మనిషేనండీ. రెండో నీళ్ళ మర పెట్టి, మంచెకి ఇద్దరిని పంపమనండి. ఎంత అంటారా, పది నిమిషాలకి అర చుట్టు. అంతకన్నా ఎక్కువ ఇచ్చి చూడ్డానికి ఇక్కడ మనిషి లేడు."

లైను తెగిందనుకున్నాను. తెగలేదు, ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఆయన కూడా ఆ గదిలో ఒక్కరే కూర్చుని పన్నెండు మంచెల లైన్లూ వింటారని నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు.

"ఇవాళ ఏం వండుకున్నారు, వరాలమ్మా?" అన్నారు డాక్టర్ గారు.

రేడియో భోజనం నెత్తురు లెక్కలోకి రాదని మా ఇద్దరికీ తెలుసు. అయినా చేమదుంపల పులుసని చెప్పాను, ఉప్పు కాస్త ఎక్కువైందని కూడా చెప్పాను.